మత్స్యగెడ్డ నుంచి మన స్విచ్ దాకా

(ఇంజనీర్ల దినోత్సవం నాడు విజయనగరంలో పాలిటెక్నిక్ విద్యార్థులు, ఊరి పెద్దల ముందు ఒక రిటైర్డ్ విద్యుత్ ఇంజనీరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పెద్దలకు వందనాలు. పిల్లలూ, వెనక గోడకి ఆనుకుని నిలబడిన వాళ్ళు ముందుకి రండి. ఇక్కడ జంపఖానా ఖాళీగానే ఉంది. కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, కూర్చుని వినండి.

ఈ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వీటికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే ఈ రోజు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. సింహాద్రి బొగ్గు, సీలేరు నీళ్ళు, కర్నూలు ఎండ, ఎక్కడిదో గాలి, అన్నీ ఒకే గ్రిడ్‌లో పడి కలిసిపోతాయి. చెరువులో నాలుగు వాగుల నీళ్ళు కలిశాక ఏ చెంబు ఏ వాగుదో చెప్పగలమా? ఇదీ అంతే. కానీ ఒకప్పుడు చెప్పగలిగేవాళ్ళం. నా చిన్నతనంలో ఈ జిల్లాలో బల్బు వెలిగిందంటే, అది ఏ కొండ మీద నుంచి వచ్చిందో పెద్దవాళ్ళకి తెలుసు. "మాచ్‌కుండ్ కరెంటు" అనేవారు, బొబ్బిలి వీణ అన్నట్టు. ఒడిశా సరిహద్దు కొండల్లో మాచ్‌కుండ్ అనే నది మీద కట్టిన పవర్ హౌస్ నుంచి వచ్చే కరెంటు అది.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. ఇంట్లో ఇంకా కిరోసిన్ బుడ్డి. రాత్రి అరుగు మీద పడుకుంటే గరివిడి వైపు ఆకాశం ఉన్నట్టుండి ఎర్రబడేది. కాసేపు అలా ఉండి మళ్ళీ చీకటి పడేది. ఫెర్రో మాంగనీస్ ఫ్యాక్టరీలో కొలిమి నుంచి కరిగిన లోహం పోసే వేళ అది. "ఆ కొలిమిలో మండేది బొగ్గు ఒక్కటే కాదురా, మాచ్‌కుండ్ నీళ్ళు కూడా" అనేవారు మా నాన్న. నీళ్ళు మండడం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగంలో చేరి, మాచ్‌కుండ్ పవర్ హౌస్‌లో డ్యూటీ చేసేదాకా అర్థం కాలేదు.

ఆ మాట ఎంత నిజమో ఒక్క లెక్కతో చెబుతాను. మన దేశంలో మాంగనీస్ తవ్వకం మొదలైందే మన దగ్గర, 1892లో, కోడూరు గనిలో. అప్పటి నుంచి అరవై ఏళ్ళ పాటు మనం రాయి తవ్వి, రాయిని రాయిగానే ఓడ ఎక్కించాం. దాన్ని ఇక్కడే కరిగించి అమ్మితే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుందని అందరికీ తెలుసు. కానీ ఒక టన్ను ఫెర్రో మాంగనీస్ తయారు కావాలంటే రెండున్నర వేల నుంచి మూడు వేల యూనిట్ల కరెంటు కావాలి. అది ఎక్కడుంది? 1955 దాకా లేదు. మాచ్‌కుండ్ వచ్చింది, గరివిడి వచ్చింది. ఒక్కో టన్ను లోహం వెనక ఆ కొండ మీది నీళ్ళు సుమారు 45 లక్షల లీటర్లు దిగివచ్చాయి. మా నాన్న లెక్క వెయ్యలేదు గానీ, అన్నమాట మాత్రం సరైనదే.

ఇక నది దగ్గరికి వెళ్దాం.

మాచ్‌కుండ్ అని మ్యాపులో రాస్తారు. ఏజెన్సీలో మనవాళ్ళు మత్స్యగెడ్డ అంటారు. గెడ్డ అన్న మాట మన ఉత్తరాంధ్రది, కొండవాగు అని. హుకుంపేట మండలంలో మత్స్యగుండం ఉంది. అక్కడి చేపల్ని దేవుడి చేపలని ఎవరూ పట్టరు. మాడుగుల కొండల్లో పుట్టిన ఈ గెడ్డ పాడువా లోయలో పాములా మెలికలు తిరుగుతూ ఉత్తరానికి పోతుంది. లోయ అంటే లోతైన కనుమ అనుకోకండి. సముద్రానికి రెండున్నర వేల అడుగులకు పైన ఉన్న పీఠభూమి అది. అరకు చూసిన వాళ్ళకి అర్థమవుతుంది, కొండ మీద మైదానం. నది అక్కడ తొందర లేకుండా పారుతుంది. తర్వాత వెనక్కి దక్షిణానికి మళ్ళి, డుడుమ దగ్గర ఒక్కసారిగా అయిదు వందల అడుగులకు పైగా కిందకి దూకుతుంది. ఆ కింద నుంచి దాని పేరు సీలేరు. సీలేరు పోయి శబరిలో, శబరి పోయి గోదావరిలో. అంటే పాడేరు, ముంచంగిపుట్టు కొండల మీద కురిసిన వాన ఆఖరికి ధవళేశ్వరం చేరి కోనసీమ వరిచేలకి వెళ్తుంది. మన నాగావళి, వంశధార, చంపావతి మన పక్క నుంచే సముద్రంలోకి దిగిపోతాయి. ఇదొక్కటే మనకి వీపు చూపించి పడమటికి పోయే నది. అయినా మొదటి దీపం మనకే ఇచ్చింది.

ఆ నదిని చూడండి. పైన సమంగా, పళ్ళెంలా ఉన్న లోయ. దాని అంచున నిటారుగా పడిన గోడ. నీళ్ళు నిలవ చెయ్యడానికి పళ్ళెం కావాలి, పని చేయించడానికి గోడ కావాలి. రెండూ పక్కపక్కనే దొరికే చోటు దేశంలో చాలా తక్కువ. అందుకే పైన జోలాపుట్ దగ్గర డ్యామ్ కట్టారు. నిండితే 34 టీఎంసీల నీళ్ళు. పూర్తి మట్టం 2,750 అడుగులు. దాని దిగువన డుడుమ దగ్గర ఇంకో చిన్న ఆనకట్ట, 2,590 అడుగుల మట్టంలో. జోలాపుట్ గాదె అనుకుంటే డుడుమ చేట. గాదెలోంచి రోజుకి కావలసినంత చేటలోకి తీస్తారు. చేటలోంచి సొరంగంలోకి, అక్కడి నుంచి పెన్‌స్టాకులు అనే పెద్ద ఉక్కు గొట్టాల్లోకి నీళ్ళు వెళ్తాయి. సుమారు 850 అడుగులు కిందకి దిగి, ఒనకఢిల్లీ పవర్ హౌస్‌లో టర్బైన్లని తిప్పుతాయి.

ఒనకఢిల్లీ అంటే నవ్వుతున్నారు ఎవరో. నిజంగానే ఊరి పేరు అది. ఒడిశా వైపు, కొరాపుట్ జిల్లాలో.

ఇప్పుడు బోర్డు మీద ఒక్క లెక్క రాస్తాను, రాసుకోండి. ఇది తెలిస్తే ప్రపంచంలో ఏ జలవిద్యుత్ కేంద్రమైనా మీకు అర్థమవుతుంది. ఒక ఘనపు మీటరు నీళ్ళు, అంటే వెయ్యి లీటర్లు, వెయ్యి కిలోలు. దాన్ని 260 మీటర్ల ఎత్తు నుంచి దించితే వచ్చే శక్తి: 1,000 ఇంటూ 9.81 ఇంటూ 260. సుమారు 25 లక్షల 50 వేల జౌళ్ళు. గొట్టాల్లో రాపిడికి, టర్బైన్లో, జనరేటర్లో పోయింది పోగా వందకి 85 చేతికి వస్తుందనుకుందాం. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. భాగించండి. ఒక యూనిట్ కరెంటుకి మాచ్‌కుండ్‌లో కావలసిన నీళ్ళు సుమారు 1,650 లీటర్లు. మన పెళ్ళిళ్ళలో నీళ్ళు పట్టే రెండు వందల లీటర్ల డ్రమ్ములు ఎనిమిది.

అదే లెక్క మన నాగావళికి వెయ్యండి. మైదానంలో పది మీటర్ల ఎత్తు దొరికితే గొప్ప. పది మీటర్లకి ఒక యూనిట్ రావాలంటే 43 వేల లీటర్లు కావాలి. రెండు వందల డ్రమ్ములకు పైన. తోటపల్లిలో ఎన్ని నీళ్ళున్నా వాటిని పొలానికి పంపడమే న్యాయం. నీళ్ళు ఎక్కువున్న చోట డ్యామ్ కడితే కరెంటు వస్తుందనుకుంటారు చాలామంది. డెల్టాలో గోదావరి అంత గోదావరి ఉంది, ఎత్తు లేదు. ఈ గెడ్డలో నీళ్ళు గోదావరితో పోలిస్తే పిడికెడు, కానీ కొండ మీద ఉన్నాయి.

పైగా ఆ ఎత్తు ఒక్కచోటే ఖర్చయిపోదు. డుడుమ 2,590 అడుగుల్లో ఉంటే దిగువన బలిమెల జలాశయం 1,516 అడుగుల్లో ఉంది. అక్కడ నీళ్ళు రెండు రాష్ట్రాలకీ చెరి సగం. ఒడిశా వాటా బలిమెల పవర్ హౌస్‌కి మళ్ళుతుంది. మన వాటా నదిలోనే దిగి గుంటవాడ దగ్గర ఆగి, ఎగువ సీలేరులో 240 మెగావాట్ల మిషన్లు తిప్పుతుంది. తర్వాత 1,037 అడుగుల దగ్గర డొంకరాయి, అక్కడ 25 మెగావాట్లు. ఆ తర్వాత దిగువ సీలేరు, 460 మెగావాట్లు. ఒకే నీరు మెట్టు మెట్టుకీ పని చేస్తూ దిగుతుంది. మాచ్‌కుండ్‌లో ఒక యూనిట్ ఇచ్చిన ఎనిమిది డ్రమ్ముల నీళ్ళు కింద ఇంకో రెండు మూడు చోట్ల మళ్ళీ కూలికి వెళ్తాయి. చివర కోనసీమలో చేను తడుపుతాయి. అంత కష్టపడిన నీటిని చూస్తే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నేను మొదటిసారి వెళ్ళింది 1980ల్లో. పవర్ హౌస్ కనుమ అడుగున ఉంటుంది, కాలనీ పైన. కిందకి దిగడానికి వించ్ ఉంది. పట్టాల మీద ట్రాలీ, దానికి ఉక్కు తాడు, పైన మోటారు. ఆ వాలు చూసి మొదటి రోజు కాళ్ళు వణికాయి. పక్కనే పెన్‌స్టాకులు, పెద్ద ఏనుగులు వరసగా కొండ దిగుతున్నట్టు. గొట్టం మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది, లోపల నీరు పరిగెడుతున్న వణుకు అరచేతికి తెలుస్తుంది. కింద హాల్లో ఆరు మిషన్లు. మొదటి మూడు ఒక్కోటి 17 మెగావాట్లు, తర్వాతి మూడు అంతకంటే కొంచెం పెద్దవి. 17 మెగావాట్ల మిషన్ పూర్తి లోడులో ఉంటే సెకనుకి దాదాపు ఎనిమిది టన్నుల నీళ్ళు తాగుతుంది. ఒక్కసారి చప్పట్లు కొట్టేంత సేపు, ఎనిమిది టన్నులు.

ఒక వానాకాలం రాత్రి షిఫ్టు నాకు బాగా గుర్తుంది. కొండల్లో పిడుగులు పడుతున్నాయి. ఉన్నట్టుండి లైను ట్రిప్ అయింది. అంటే మిషన్ మోస్తున్న బరువు ఒక్క క్షణంలో మాయమైంది. ఎడ్లు బండి లాగుతుంటే కాడి తెగినట్టు. నీళ్ళు మాత్రం అదే ఊపులో వస్తున్నాయి. బరువు లేక రోటరు, అంటే మిషన్లో తిరిగే భాగం, వేగం పెరిగిపోతుంది. ఆ గొంతు మారడం చెవికి తెలుస్తుంది, సన్నగా, పైకి, ఇంకా పైకి. వెంటనే నీళ్ళు ఆపెయ్యాలి కదా అంటారు మీరు. ఒక్కసారి ఆపితే? ఇంట్లో కుళాయి టక్కున కట్టేస్తే గొట్టంలో 'ఠంగ్' మని కొడుతుంది చూశారా? అది అరంగుళం గొట్టం. ఇక్కడ 850 అడుగుల నీటి స్తంభం పరిగెత్తుకుంటూ వచ్చి మూసిన తలుపుని గుద్దుతుంది. గొట్టం పగులుతుంది. నెమ్మదిగా మూస్తే మిషన్ వేగం హద్దు దాటుతుంది. ఈ రెండు ప్రమాదాలకీ మధ్య కొన్ని సెకన్ల సన్నని దారి ఉంది. ఆ దారిలో నడిపించేది గవర్నర్, అంటే మిషన్ వేగాన్ని బట్టి నీళ్ళని పెంచి తగ్గించే పరికరం. వెనక్కి తన్నిన నీటికి పైన సర్జ్ ట్యాంకు అనే బావి ఉంటుంది, అందులోకి నీరు ఎక్కి ఊపిరి తీసుకుంటుంది. ఆ రాత్రి గవర్నర్ తన పని తాను చేసింది. మిషన్ గొంతు మళ్ళీ కిందకి దిగింది. మా సీనియర్ ఫోర్‌మన్ గారు టర్బైన్ అంతస్తులోకి దిగి బేరింగుల మీద చెయ్యి పెట్టి చూసి, పైకి వచ్చి "పర్లేదు బాబూ, టీ తాగుదాం" అన్నారు. నాకు గ్లాసు పట్టుకుంటే చేతులు ఆగలేదు. ఆ టెన్షన్ తెలిశాకే ఆ మిషన్ల మీద నాకు గౌరవం పుట్టింది.

ఆ హాల్లో తెలుగు, ఒడియా, ఆ కొండల్లో అందరూ మాట్లాడే దేశియా, మూడూ వినిపించేవి. ఒకరు తెలుగులో అడిగితే ఇంకొకరు ఒడియాలో జవాబిచ్చేవారు. పని ఆగేది కాదు.

రెండు రాష్ట్రాలకి ఒక పవర్ హౌస్ ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యే వరకు కొరాపుట్, జయపురం అన్నీ మన విశాఖపట్నం జిల్లాలోవే. ఆ రోజుతో గీత పడింది. నది కొంత దూరం ఆ గీత వెంటే పారుతుంది. కనుక మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు 1940ల్లో ఒప్పందం రాసుకున్నాయి. మనకి 70, వాళ్ళకి 30 వాటా. తరవాతి కాలంలో ఒడిశా వాటా సగానికి వచ్చింది. పని మద్రాసు వాళ్ళు మొదలుపెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మన చేతికి వచ్చింది. కొత్తవలస - కిరండోల్ రైలు అప్పటికి లేదు. రైలు లేని ఆ కొండల మీదకి అంతంత యంత్రాలు ఘాట్ రోడ్ల మీద ఎక్కాయి. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు. 1959కి ఆరు మిషన్లూ తిరిగాయి. ఆంధ్ర రాష్ట్రం పుట్టి రెండేళ్ళు కాలేదు, చేతిలో డబ్బు లేదు, రాజధాని కర్నూలులో గుడారాల్లో. అలాంటి రోజుల్లో ఈ వెలుగు వచ్చింది. 2025 ఆగస్టుకి దానికి 70 ఏళ్ళు నిండాయి. ఈ జిల్లాలో ఎక్కడా ఒక్క మీటింగు కూడా నా చెవిన పడలేదు, అందుకే ఈ రోజు నన్ను పిలిస్తే ఇదే మాట్లాడతానన్నాను.

మన ఝంజావతి సంగతి మీకు తెలుసు. ముంపు ఒడిశాలో పడుతుందని డ్యామ్ ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చివరికి కొమరాడ మండలంలో రబ్బరు డ్యామ్‌తో సరిపెట్టుకున్నాం. మాచ్‌కుండ్ మాత్రం ఆగలేదు. ఎందుకు ఆగలేదు? రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి, సరే. కానీ మునిగే వాళ్ళని ఎవరూ అడగలేదు. అదీ అసలు కారణం. ఈ మాట చెప్పకుండా మాచ్‌కుండ్ గొప్పదనం ఒక్కటే చెప్పి దిగిపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

పళ్ళెంలా ఉన్న లోయ అన్నాను కదా. కొండల్లో సమంగా ఉన్న నేల ఎక్కడుంటుందో, వరి పండేది అక్కడే. జనం ఉండేదీ అక్కడే. పోడు వాలు మీద కొట్టుకోవచ్చు గానీ, గెడ్డ ఒడ్డున తడి పొలం ఇంకెక్కడ దొరుకుతుంది? డ్యామ్‌కి పనికొచ్చే నేల, మనిషికి పనికొచ్చే నేల ఒకటే అయింది. పరిశోధకులు రాసిన లెక్క ప్రకారం మాచ్‌కుండ్ వల్ల 2,938 కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. అందులో 1,500 గిరిజన కుటుంబాలు. పునరావాసం దక్కింది 600 కుటుంబాలకే. మిగతా వాళ్ళు ఏమయ్యారు? పై కొండలెక్కారు. అడవి కొట్టి పోడు వేశారు. ఆ పోడు మట్టి వానకి కొట్టుకొచ్చి అదే జలాశయంలో చేరుతుంది. మట్టి చేరితే నిలవ తగ్గుతుంది. పోడు వల్ల పూడిక అని రిపోర్టుల్లో రాస్తాం. ఆ పోడు ఎందుకు పైకెక్కిందో కూడా పక్కనే రాయాలి.

బలిమెల దగ్గర ఇంకో రకం కష్టం. నీళ్ళు నిండగానే 151 ఊళ్ళు ఆవలి ఒడ్డున చిక్కుకుపోయాయి. కటాఫ్ ఏరియా అని పేరే పడింది. ఆస్పత్రికైనా సంతకైనా లాంచీయే దిక్కు. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచారు. 910 మీటర్ల వంతెన. అది పూర్తయ్యేలోగా అక్కడ ఎంతమంది పుట్టి పెరిగి ముసలివాళ్ళయ్యారో ఆలోచించండి.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. ఇది ఇన్నేళ్ళూ ఏ సభలోనూ చెప్పలేదు.

ఒకసారి లైను చూసుకుంటూ కొండల్లో నడుస్తున్నాం. 132 కేవీ టవర్లు. ఒక టవరు కింద చిన్న ఊరు, ఇరవై ముప్ఫై గడపలు. మధ్యాహ్నం ఎండ. ఒక ముసలాయన మాకు అంబలి ఇచ్చాడు. తాగుతుంటే పైకి చూపించి, "బాబూ, ఆ తీగలోంచి మాకు ఒక్కో ఇంటికి ఒక్కో దీపం ఇవ్వరాదా?" అని అడిగాడు. నేను ఓపిగ్గానే చెప్పాను. అది లక్షా 32 వేల వోల్టుల తీగ తాతా, దాన్ని 33 వేలకి దించాలి, తర్వాత 11 వేలకి, తర్వాత 230కి. దానికి సబ్‌స్టేషన్ కావాలి, ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి, చాలా ఖర్చు. ఆయన అంతా విన్నాడు. "అంతంత ఇనుము కొండ కిందకి దించారు. అదంతా మా కళ్ళ ముందే పోయింది. ఆ పెట్టెలు తేవడం కష్టమా?" అన్నాడు.

నేను చెప్పింది తప్పు కాదు. పెద్ద తీగకి కొక్కెం తగిలించి బల్బు వెలిగించలేం. కానీ ఆయన అడిగింది ఇంజనీరింగ్ ప్రశ్న కాదని నాకు తెలుసు. కొలువులో కొత్త కుర్రాణ్ణి, అయినా ఆ ఊరికి దగ్గరలో ఉన్న 11 కేవీ లైను నుంచి ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టి పైకి కాగితం పెట్టాను. కనెక్షన్లు ఎన్ని వస్తాయి, నెలకి బిల్లు ఎంత వస్తుంది అని వెనక్కి వచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. మూడోసారి పెట్టేలోగా నాకు ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్త చోట పనిలో పడ్డాను. పదిహేనేళ్ళకి పైగా గడిచాక అటు వెళ్తే ఊళ్ళో స్తంభాలు కనిపించాయి, దీపాలు ఉన్నాయి. ముసలాయన లేడు. మూడో కాగితం నేను పెట్టి ఉండాల్సింది. ట్రాన్స్‌ఫర్ అయినంత మాత్రాన పెట్టకూడదని ఎవరూ అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ప్రశ్న మళ్ళీ మన గడపలోకి వచ్చింది. ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ కరెంటు మిగిలిపోతోంది, సాయంత్రం ఆరు దాటితే చాలడం లేదు. ఆ సాయంత్రం నాలుగు గంటలు కాపాడేది నీళ్ళే. బొగ్గు ప్లాంటుని చల్లారిన స్థితి నుంచి లేపాలంటే గంటలు పడుతుంది, నీటి మిషన్ నిమిషాల్లో లోడు ఎత్తుకుంటుంది. అందుకే డెబ్బై ఏళ్ళ మాచ్‌కుండ్‌కి ఇప్పటికీ పని ఉంది. అందుకే పంప్డ్ స్టోరేజీ అన్న మాట మీరు పేపర్లో చూస్తున్నారు. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. మధ్యాహ్నం ఎండ కరెంటుతో కింద నీళ్ళని పైకి తోడి, సాయంత్రం మళ్ళీ దించుతారు. తోడడానికి పెట్టిన కరెంటులో నాలుగో వంతు దాకా పోతుంది, అయినా సాయంత్రం కరెంటుకి ఉన్న గిరాకీ వల్ల గిట్టుబాటే. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లకి ప్లాను ఉంది. అక్కడ గుంటవాడ, డొంకరాయి రెండు జలాశయాలూ ముందే ఉన్నాయి. కొత్తగా మునిగేది తక్కువ. అది మంచి ఆలోచన అని నా అభిప్రాయం.

మన సాలూరు కొండల్లో కురుకూటి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర వెయ్యి మెగావాట్లు ప్రతిపాదనలో ఉన్నాయి. అక్కడి జనం భయపడుతున్నారు. వాళ్ళకి వ్యతిరేకంగా మాట్లాడే ముందు జోలాపుట్ గుర్తు తెచ్చుకోండి. 1940ల్లో భూమి తీసుకోవడానికి ఉన్నది 1894 నాటి చట్టం ఒక్కటే. ఇప్పుడు గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకి అధికారం ఇచ్చే 1996 నాటి పెసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది, 2013 భూసేకరణ చట్టం ఉంది. గ్రామసభ అంటే పది సంతకాలు తీసుకుని వచ్చే కాగితం కాదు. రేపు మీలో కొందరు ఆ సర్వేలకే వెళ్తారు, లెవెల్ యంత్రం భుజాన వేసుకుని. కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీత, గీసేటప్పుడు దాని లోపల ఎన్ని తడి పొలాలున్నాయో, ఎన్ని ఊటబావులున్నాయో, ఊళ్ళో దేవత గద్దె ఎక్కడుందో మీరే నోట్ చెయ్యండి. ఎవరూ అడగకపోయినా చెయ్యండి. ప్రాజెక్టు అంచనాలో సిమెంటు బస్తాకి లైన్ ఉంటుంది, రివెట్‌కి లైన్ ఉంటుంది. చుట్టూ అయిదు కిలోమీటర్లలో ప్రతి ఇంటికీ మొదటి రోజు నుంచే కరెంటు ఇవ్వడానికి కూడా ఒక లైన్ రాయండి. మొత్తం ఖర్చులో అది ఎంతో లెక్క వేసి చూడండి, కనిపించనంత చిన్న అంకె వస్తుంది. నేను వేసి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఏదో అడుగుతున్నావు తల్లీ, గట్టిగా అడుగు. ... డుడుమ జలపాతం ఇప్పుడు ఎండిపోయిందా అని అడుగుతోంది ఈ అమ్మాయి. మంచి ప్రశ్న. నీళ్ళని పైనే సొరంగంలోకి మళ్ళించేస్తున్నాం కనుక మామూలు రోజుల్లో పాత జలపాతం చూడలేవు, సన్నగా ఉంటుంది. వానాకాలంలో పైన నిండి గేట్లెత్తితే మాత్రం కనుమంతా పొగలా తుంపర లేస్తుంది. అలాంటి రోజు ఒకటి నేను చూశాను. ఆ గోడకి అంత బలం ఉందా అనిపిస్తుంది. కానీ గేట్లెత్తిన రోజు కంట్రోల్ రూములో అందరం దిగులుగానే ఉండేవాళ్ళం. పారిపోతున్న ప్రతి టీఎంసీకి కోటీ డెబ్బై లక్షల యూనిట్లు.

ఇంకెవరు? ... చూడడానికి వెళ్ళవచ్చా అంటున్నాడు ఈ బాబు. వెళ్ళండి. అరకు మీదుగా పాడువా, లమతపుట్ వైపు ఒక దారి, పాడేరు మీదుగా ముంచంగిపుట్టు నుంచి జోలాపుట్‌కి ఇంకో దారి. పవర్ హౌస్ లోపలికి ముందుగా అనుమతి తీసుకోవాలి, మీ ప్రిన్సిపాల్ గారి చేత ఉత్తరం రాయించండి. గురువారం వెళ్తే ఒనకఢిల్లీలో సంత. బోండా కొండల నుంచి బోండా గిరిజన ఆడవాళ్ళు దిగి వస్తారు. వాళ్ళ ఫొటోలు తియ్యకండి, అది వాళ్ళకి ఇష్టం ఉండదు. ఏదైనా కొనండి, పసుపో చీపురో. జోలాపుట్‌లో డ్యామ్ మీద నిలబడితే నీటి పక్కన గోడ మీద అంకెలు గీసిన గేజి కనిపిస్తుంది. ఆ రోజు ఎన్ని అడుగులుందో చదివి రాసుకోండి. ఈ హాల్లో నా నంబరు ఇచ్చి వెళ్తాను. తిరిగొచ్చాక ఫోన్ చేసి ఆ అంకె నాకు చెప్పండి. రోజూ పొద్దున్న ఆ అంకె రాసిన అలవాటు ఇంకా పోలేదు.